పాత క్లారినెట్ కొనుగోలు: ప్రారంభ విద్యార్థి కుటుంబం పరిశీలించవలసిన అంశాలు

సూరత్: తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వలస వచ్చిన నేత కుటుంబాలు సూరత్‌లో తరతరాలుగా నివసిస్తున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నిర్వహిస్తోంది. ఇటువంటి కుటుంబంలో పిల్లలు క్లారినెట్ నేర్చుకుంటామన్నప్పుడు కొత్త వాద్యం భారమై, పాతదాని వైపు చూడటం సహజం. అయితే గాలి కారే వాద్యం ఎంత ఊదినా సరిగా పలకదు. లోపం వాద్యంలో ఉండగా, విద్య అబ్బలేదన్న నింద పిల్లలపై పడుతుంది. ఖర్చుతో పాటు ఆసక్తి కూడా వృథా అవుతుంది.

ముందు గురువును అడగాలి

క్లారినెట్లలో మీటల అమరికలు వేర్వేరు. హయసింత్ క్లోజే, తయారీదారు బఫే రూపొందించి 1839లో పారిస్‌లో ప్రదర్శించిన 'బోమ్' పద్ధతి నేడు విస్తృతంగా వాడుకలో ఉంది. దీనికి సాధారణంగా 17 మీటలు, 6 వలయాలు ఉంటాయి. 'ఆల్బర్ట్' పద్ధతి వాద్యాలు బ్యాండ్ మేళాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. రెండింటికీ వేళ్ల వాడుక వేరు. కాబట్టి గురువు నేర్పే పద్ధతినే ఎంచుకోవాలి.

శ్రుతి విషయంలోనూ జాగ్రత్త అవసరం. ప్రారంభ విద్యార్థికి 'బి ఫ్లాట్' క్లారినెట్ తగినది. రంధ్రాలన్నీ తెరిచి ఊదినప్పుడు వచ్చే 'జి' స్వరాన్ని ఫోన్‌లోని ట్యూనర్ 'ఎఫ్'గా చూపాలి. వాద్యంపై 'హెచ్‌పీ' ముద్ర ఉంటే అది పాతకాలపు హెచ్చు శ్రుతికి చేసినది. నేటి హార్మోనియం, కీబోర్డులతో అది కలవదు.

గాలి పరీక్ష

పై భాగాన్ని విడదీసి, రంధ్రాలన్నింటినీ ఎడమ చేతి వేళ్లతో, కింది కొసను కుడి అరచేతితో మూయాలి. పైనుంచి గాలిని లోపలికి పీల్చి పట్టితే ఆ పట్టు కొన్ని క్షణాలు నిలవాలి. వెంటనే సడలితే ప్యాడ్‌లు లేదా మీటల్లో లోపమున్నట్లే. అన్ని రంధ్రాలూ మూసి ఊదే మంద్ర స్వరాలు తేలికగా పలకకపోవడం కూడా ఇదే సూచన.

కంటితో చూడవలసినవి

ప్యాడ్‌ల పొర చిరగకుండా, ఉబ్బకుండా ఉండాలి. స్ప్రింగులకు తుప్పు పట్టకూడదు. భాగాలు కలిసే చోట బెండు బిగువుగా ఉండాలి. రెండు ప్రధాన భాగాలను కలిపే మీట వంగి ఉండకూడదు. మౌత్‌పీస్ కొసన పెచ్చు ఊడితే దాన్ని మార్చక తప్పదు. చెక్క వాద్యమైతే పై భాగంలో, రంధ్రాల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లను వెలుతురులో వెతకాలి. ప్యాడ్‌లన్నీ మార్చవలసి వస్తే ఆ ఖర్చు చవక వాద్యం ధరను మించవచ్చు. అందువల్ల బేరానికి ముందే మరమ్మతు ఖర్చు తెలుసుకోవాలి.

చెక్కా, ప్లాస్టిక్కా?

మేలైన క్లారినెట్లను ఆఫ్రికా నల్లచెక్కతో చేస్తారు. తేమ మారినప్పుడు ఆ చెక్క పగిలే ప్రమాదముంది. సముద్రతీరానికి దగ్గరగా ఉన్న సూరత్‌లో వానాకాలం గాలి బాగా తేమగా ఉంటుంది. యమహా వైసీఎల్-255, బఫే బి12 వంటి ఏబీఎస్ ప్లాస్టిక్ వాద్యాలకు ఆ భయం లేదు. ప్రారంభ దశకు అవి సరిపోతాయి.

కొన్న తరువాత

పాత రీడ్‌ను వాడకూడదు. 2 లేదా 2.5 గట్టిదనం గల కొత్త రీడ్‌తో మొదలుపెట్టాలి. మౌత్‌పీస్‌ను చల్లని లేదా గోరువెచ్చని సబ్బునీటితో కడగాలి. సాధన ముగిసిన ప్రతిసారీ లోపలి తడిని గుడ్డతో తుడవాలి.

కర్ణాటక సంగీత కచేరీ వేదికపై క్లారినెట్‌కు పేరు తెచ్చిన విద్వాంసుల్లో ఏ.కె.సి. నటరాజన్ ప్రముఖులు. ఆయనకు 2022లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. ఆ స్థాయి సాధనకైనా తొలి మెట్టు గాలి కారని వాద్యమే. కాబట్టి గురువు స్వయంగా ఊది చూసి సరేనన్న తరువాతే సొమ్ము చెల్లించడం క్షేమకరం.