సుబ్బారావు మందు, ప్రేగులలోని సూక్ష్మజీవులు
గుంటూరు, ప్రకాశం జిల్లాలలో మాఘ ఫాల్గుణ మాసాలు మిరపకోతల కాలం. కాయ కోయాలన్నా తొడిమ తీయాలన్నా పని వేళ్ళదే. రుమటాయిడ్ కీళ్ళవాతం తరచు మొదట పట్టుకొనేది ఆ వేళ్ళ కణుపులనే. పురుషులకన్న స్త్రీలకు ఈ వ్యాధి రెండుమూడు రెట్లు ఎక్కువ. తెల్లవారి లేచిన తర్వాత గంటదాకా పిడికిలి ముడవదు. నేడు దీనికి వైద్యులు సాధారణంగా మొదట వ్రాసే మందు మెథోట్రెక్సేట్. దాని పుట్టుకలో ఒక తెలుగువాని చేయి ఉన్నదని ఎరిగినవారు తక్కువ.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు. వారి సోదరుని స్ప్రూ అనే ప్రేగుల జబ్బు బలిగొన్నది. తామూ ఆ జబ్బుతో మంచమెక్కి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో లేచారు. 1923లో బోస్టన్ చేరి, 1940లో లెడర్లే ప్రయోగశాలలో ప్రవేశించారు. అక్కడ ఫోలిక్ ఆమ్లం కోసం సాగిన వెదుకులాటలో కొలబద్ద ఏమనుకున్నారు? ఒక సూక్ష్మజీవి! లాక్టోబాసిల్లస్ కేసియై అనే ఆ జీవి ఈ ఆమ్లం లేనిదే పెరుగదు. (పాలను పెరుగు చేసే జీవులకు ఇది దగ్గరి చుట్టమే.) ఏ ద్రవంలో అది ఎంత పెరిగితే ఆమ్లం అంత ఉన్నట్లు. 1945లో ఆ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది గుణమిచ్చింది.

ఆ అణువును కాస్త మార్చగా, తాళంలో దూరి తిరగని తాళపుచెవి వంటి పదార్థాలు లభించాయి: అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్. 1948లో ఫార్బర్ ల్యుకేమియా పిల్లలపై అమినాప్టెరిన్ ఫలితాలను ప్రకటించారు. ఆ సంవత్సరమే సుబ్బారావు కన్నుమూశారు. 1951లో గబ్నర్ కీళ్ళవాతానికి అమినాప్టెరిన్ ఇచ్చి, వాపు తగ్గడం చూచారు. కాని అప్పుడు లోకం చూపంతా కార్టిజోన్ మీద. మెథోట్రెక్సేట్‌కు ఈ వ్యాధిలో అమెరికా అనుమతి లభించేసరికి 1988 వచ్చింది.

ఇంత మంచి మందూ కొందరికి పనిచేయదు. ఎందువల్ల? 2013లో న్యూయార్కులో షేర్ బృందం, చికిత్స ఇంకా మొదలు కాని కొత్త రోగుల ప్రేగులలో ప్రెవొటెల్లా కోప్రై అనే సూక్ష్మజీవి హెచ్చుగా ఉండడం గమనించింది. అది వ్యాధికి కారణమో, ఫలితమో తేలలేదు. 2021లో మరొక సంగతి బయటపడింది. చికిత్సకు ముందు సేకరించిన రోగుల మలంతో మెథోట్రెక్సేట్‌ను కలిపి ఉంచారు. చివరకు ఎంత మందు మిగిలిందో, దానికీ రోగికి కలిగిన గుణానికీ సంబంధం కనిపించింది. సూక్ష్మజీవులు మందును మనకన్న ముందే ఆరగిస్తూ ఉండవచ్చునన్నమాట.

కీళ్ళవాతానికి ఈ మాత్ర వారానికి ఒక్కనాడే. పొరపాటున రోజూ మింగితే ఎముకల మజ్జ దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. అందుకే వైద్యులు చీటీ మీద వారం పేరు వ్రాసి, మరొకనాటికి ఫోలిక్ ఆమ్లపు మాత్ర ఇస్తారు.