ఆంధ్ర కోస్తాలో రొయ్యల సాగు, పర్యావరణం

విదేశీ మార్కెట్ కోసం పెరిగిన పరిశ్రమ స్థానిక నేలను, నీటిని ఎలా మారుస్తుందో చూపే ముఖ్య ఉదాహరణల్లో ఆంధ్రప్రదేశ్ రొయ్యల సాగు ఒకటి. భారతదేశంలో చెరువుల్లో పెంచే రొయ్యల్లో అధిక భాగం ఈ రాష్ట్రానిదే. సరుకు ప్రధానంగా అమెరికా, చైనాలకు వెళ్తుంది.

1990ల మొదట్లో నెల్లూరు తీరంలోనూ, కృష్ణా, గోదావరి డెల్టాల శివారు భూముల్లోనూ టైగర్ రొయ్య సాగు జోరందుకుంది. 1991లో రూపాయి విలువ తగ్గించడంతో ఎగుమతి మరింత లాభసాటి అయింది. తీరప్రాంత నిర్మాణాలను కట్టడి చేసే నోటిఫికేషన్ అదే ఏడాది వచ్చినా చెరువుల తవ్వకం ఆగలేదు. చాలాచోట్ల మడ అడవులు పోయాయి. దెబ్బ మొదట సాగుకే తగిలింది. ఒకరి చెరువులోంచి వదిలిన మురుగు ఏ కాలువలో కలుస్తుందో, పక్కవాళ్లు అదే కాలువ నీళ్లు తోడి చెరువు నింపుకొనేవారు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ ఆ దారినే ఊళ్లకు ఊళ్లను చుట్టేసింది.

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలంలోని సంప్రదాయేతర రొయ్యల చెరువులను తొలగించాలని తీర్పిచ్చింది. 2005లో పార్లమెంటు కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి ఆ సాగును నియంత్రణకు లోబడి అనుమతించింది. దాంతో తీర్పు పట్టు సడలింది.

2009లో పసిఫిక్ తీరపు వనామి రొయ్యకు అనుమతి రావడం అసలు మలుపు. వనామి తక్కువ ఉప్పదనంలోనూ పెరుగుతుంది, ఒత్తుగా పిల్ల వేసినా తట్టుకుంటుంది. దాంతో సాగు సముద్రం ఒడ్డు దాటి వరి పొలాల్లోకి వచ్చింది. రైతులు బోర్లతో ఉప్పునీరు తోడి చెరువులు నింపారు. చెరువు ఊట గట్టు కిందుగా పక్క చేలోకి దిగితే అక్కడి వరి ఎర్రబారి, నేల చౌడు తేలుతుంది. ఆ రైతుకూ చివరికి పొలాన్ని తవ్వుకోవడమో, లీజుకిచ్చేయడమో మిగులుతుంది. ఇష్టం లేనివాళ్లను సైతం ఈ సాగు ఇలా లాక్కుపోయింది. డెల్టాలో, చుట్టూ కాలువలున్న ఊళ్లలో కూడా తాగునీటిని డబ్బాల్లో కొనుక్కుంటున్నారు.

దేశీయ మార్కెట్ కూడా ఇలాంటి నష్టమే చేసింది. బెంగాల్, అస్సాంలకు చేపలు పంపే చెరువులు కొల్లేరును ఆక్రమించాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చిన సరస్సు అది. 2006లో ప్రభుత్వం వేల ఎకరాల్లో గట్లు తెగ్గొట్టించినా ఆక్రమణలు మళ్లీ వచ్చాయి.

ఈ వ్యాపారం డెల్టాకు డబ్బు తెచ్చింది. ప్రాసెసింగ్ షెడ్లలో వేలమంది మహిళలకు కూలి దొరికింది. కొనుగోలు దేశాల పట్టుదల వల్ల నిషేధిత యాంటీబయాటిక్‌లపై నిఘా కూడా పెరిగింది. అయితే ఆ పరీక్షలు పెట్టెలో సర్దిన రొయ్యకే తప్ప, మురుగు కాలువలోకి వదిలిన నీటికి కావు. అమెరికా 2025 ఆగస్టులో భారత సరుకులపై అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు కిలోకు ఎంత పడిపోతుందనే చర్చ రాష్ట్రమంతా జరిగింది. చౌడు తేలిన ఎకరం ఖరీదు మాత్రం ఏ ఎగుమతి లెక్కలోనూ కనిపించదు. దాన్ని లెక్కలో చేర్చాల్సింది కొనేవాళ్లు కాదు, మన ప్రభుత్వాలే.