తూటా గొట్టము కథ

జనగామకు చేరువనున్న పెంబర్తి గ్రామము ఇత్తడి పనికి పేరుగన్నది. హైదరాబాదు నుండి వరంగల్లునకు రహదారిపై పోవువారు అచటి అంగళ్లలోని దేవతామూర్తులను, దీపపు సెమ్మెలను, తోరణపు రేకులను చూచియే యుందురు. ఆ విశ్వకర్మల విద్య కాకతీయులనాటి నుండి వచ్చుచున్నదని ప్రతీతి. ఆలయములకు తొడుగులు కొట్టిన కుటుంబముల వారే నిజాముల యేలుబడిలో అత్తరుదానులు, పాన్‌దానులు చేసిరి. మేము నేడు ముచ్చటింపదలచినది ఆ శిల్పమును గూర్చి కాదు. అదే లోహముతో తయారై, అదే జనగామ తాలూకాలో ఎందరి ప్రాణములనో తూచిన ఒక చిన్న వస్తువును గూర్చి. అది తూటా గొట్టము.

ఇత్తడికి ఒక గుణము కలదు. సుత్తిదెబ్బ తిన్నకొలది అది గట్టిపడును. ఇంకను కొట్టినచో పగులును. అందుచే పనివాడు నడుమనడుమ రేకును నిప్పున కాచి, మెత్తపరచి, మరల సుత్తి పట్టును. తూటాల కర్మాగారము నడచునదియు ఈ సూత్రము మీదనే. డెబ్బది పాళ్లు రాగియు ముప్పది పాళ్లు తుత్తునాగమును కలిసిన ఇత్తడి బిళ్లను పలుమార్లు లాగి గొట్టముగా సాగదీయుదురు; నడుమనడుమ కాచి మెత్తపరతురు.

1857 నాటి సిపాయిల కలతకు కారణమైన ఎన్‌ఫీల్డు తూటా కాగితపుదని చదువరు లెరుగుదురు. పిదప పదేండ్లు తిరుగకముందే బ్రిటిషు సైన్యము వెనుక నుండి మందు నింపు తుపాకికి మారినది. బాక్సర్ అను సైనికాధికారి పలుచని ఇత్తడి రేకును చుట్టి తూటా చేసెను. ఆ చుట్టుడు తూటా వేడెక్కిన తుపాకిలో అంటుకొని చిరిగెడిది. 1884–85లో సూడాను ఇసుకలో సైనికులు దీనివలన బహు కష్టములు పడిరి. అంతట, అతుకు లేని గొట్టమునే వాడసాగిరి. 1888 తరువాత వచ్చిన ‘త్రీనాట్‌త్రీ’ రైఫిలు దానితోడనే మన దేశమున ప్రవేశించినది. పూనా వద్ద కిర్కీలో 1869లోనే తూటాల కర్మాగారము వెలసినది.

ఆ గొట్టము చేయు పని విచిత్రమైనది. మందు అంటుకొనగనే గొట్టము ఉబ్బి తుపాకి అర గోడలకు అదుముకొనును. నిప్పువాయువు కాల్చువాని ముఖము మీదికి రాకుండ కాపాడును. గుండు వెడలిన పిమ్మట కొంచెము ముడుచుకొనును గాని, పూర్వపు కొలతకు మాత్రము రాదు. ఏ తుపాకిలో ప్రేలినదో ఆ తుపాకి ఆకారమే దానికి అబ్బును. వేరొక తుపాకిలో పెట్టబోయినచో పట్టకపోవచ్చును. విదేశములలో గురిపోటీలవారు వాడిన గొట్టమును మరల వాడుటకు ముందు, నూనె రాసి, ఉక్కు అచ్చులోనికి నొక్కి కొలతకు తెత్తురు. క్రొత్తగా నేర్చువాడు నూనె మరచినచో గొట్టము అచ్చులోనే చిక్కుకొనును. అతిగా రాసినచో గొట్టము సొట్టపడును. నొక్కిన ప్రతిమారు ఇత్తడి బిరుసెక్కును గనుక మెడను కాచి మెత్తపరతురు. అడుగు భాగమును మాత్రము కాచరాదు. ప్రేలుడు ఒత్తిడినంతయు మోయవలసినది అదియే. ఈ మాట పెంబర్తి పనివానికి ఎవరును విప్పి చెప్పనక్కరలేదు. మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము ననుసరించి లైసెన్సు లేక తూటా తయారుచేయుట నేరము.

ఇత్తడి పగులుటను గూర్చి శాస్త్రజ్ఞులు నేర్చిన పాఠములలో నొకటి మన వానలు నేర్పినదే. వర్షాకాలమున నిలువయుంచిన తూటాలు ఎవరును తాకకయే మెడల వద్ద బీటలు వారెడివి. గుఱ్ఱపుసాలల చేరువ నుంచిన వాటికి ఈ రోగము హెచ్చని చెప్పుదురు. 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అను మువ్వురు కారణము తేల్చిరి. లాగుటలో లోహమున మిగిలిపోయిన బిగువును, గాలిలోని అమ్మోనియాయు కలిసి చేసిన పని అది. సన్నని సెగపై కాచి ఆ బిగువు తీసినచో రోగము కుదురును. అమ్మోనియా గుఱ్ఱపు మూత్రము నుండి పుట్టునని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక జనగామకు వత్తము. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో విసునూరు దేశముఖు మనుషులు ఊరేగింపుపై కాల్పులు జరుపగా దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. నాడు జనుల చేతులలో నున్నవి కఱ్ఱలు, వడిసెలలు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్, బద్దం ఎల్లారెడ్డి గారలు సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చిరి. అటుపిమ్మట గడీల నుండియు పోలీసుల నుండియు తుపాకులు దళముల చేతికి వచ్చినవి. ఇచటనే తూటా గొట్టము తన ప్రతాపము చూపినది.

పల్లెలలోని బర్మారు తుపాకికి కావలసినదంతయు ఇంచుమించు ఊరనే దొరకును. సూరేకారము, గంధకము, బొగ్గు కలిపిన మందు. కరగించి పోసిన సీసపు గుండ్లు. కూరుటకు ఇనుప కడ్డీ. పైనుండి తేవలసినది చిన్న టోపీ మాత్రమే. అది మెల్లగ ప్రేలును, దూరము పోదు, కాని ఊరివారిది. రైఫిలు అట్లు కాదు. దానిని ఒక్కమారు పట్టుకొనిన చాలును. తూటాలను మాత్రము దినదినమును పట్టుకొనవలయును. వాడిన గొట్టమును మరల నింపుదమన్నను సాగదు. కొలతకు తెచ్చు ఉక్కు అచ్చు పల్లెలో లేదు. పొగలేని మందు లేదు. పైగా బ్రిటిషు పద్ధతి గొట్టములలో టోపీ కూర్చినది అమెరికా దేశస్థుడైన బెర్డాన్ పద్ధతిలో. దానికి అడుగున నడిమి రంధ్రము లేదు గనుక వాడిన టోపీని సూదితో పొడిచి తీయుట కుదరదు. తీయుటకు సులువైనది బాక్సర్ పద్ధతి. బ్రిటిషువాడు కనిపెట్టిన ఆ పద్ధతిని అమెరికావారు పట్టుకొనగా, అమెరికావాని పద్ధతి బ్రిటిషు సైన్యమునకు దక్కినది. చరిత్రకు ఇట్టి తమాషాలు ఇష్టము కాబోలు! త్రీనాట్‌త్రీ అరలు సైతము బురదలోను దుమ్ములోను పనిచేయుటకై కొంచెము వదులుగ చేయబడినవి. అందు ప్రేలిన గొట్టము అడుగువద్ద సాగి, కొద్దిమార్లకే విరుగును.

బైరాన్‌పల్లి నాటి జనగామ తాలూకాలోనిదే. నేడది సిద్దిపేట జిల్లాలో చేరినది. అచటివారు బురుజెక్కి బర్మారులతోడనే రజాకార్ల తొలి దాడులను త్రిప్పికొట్టిరి. 1948 ఆగస్టు 27వ తేదీన నిజాము బలగములతో కూడి రజాకార్లు మరల వచ్చిరి. ఆ దినమున తొంబదిమందికి పైగా గ్రామస్థులు హతులైరి. ఇంకను మూడు వారములు నిండకముందే, సెప్టెంబరు 13న, భారత సైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించినది.

ఆ తరువాత పోరు సాగించిన దళములు మానుకోట, అనగా నేటి మహబూబాబాదు, అడవులకును, గోదావరి దెసగా ఇప్పటి భూపాలపల్లి ప్రాంతపు అడవులకును తరలినవి. ఇప్పుడెదుట నున్నది పెద్ద సైన్యము. సైన్యములలో, ముఖ్యముగ గురి నేర్చు మైదానములలో, కాల్చిన తూటా గొట్టములను లెక్కించి తిరిగి అప్పగించుట రివాజు. అడవిలోని వానికి లెక్క అడుగువారు లేరు. ఒక తూటా కాల్చినచో దానికి బదులు మరొకటి ఇచ్చువారును లేరు. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడినది. బైరాన్‌పల్లి బురుజు నేటికిని నిలిచియున్నది.