నెమవాషి: వేళ్ల దగ్గర పుట్టిన ఆఫీసు మాట

జపాన్ ఆఫీసుల్లో బాగా వినిపించే ‘నెమవాషి’ పుట్టింది తోటపనిలో. ‘నె’ అంటే వేరు, ‘మవాషి’ అంటే చుట్టూ తిప్పడం. పెద్ద చెట్టును మరోచోట నాటాలంటే తోటమాలి దాన్ని ఒక్కసారిగా పెకలించడు. కొన్ని నెలల ముందే, ఒక్కోసారి ఏడాది ముందే, మొదలు చుట్టూ తవ్వి లావు వేళ్లను కోస్తాడు. కోసిన చోట సన్నని పిల్లవేళ్లు పుట్టాకే చెట్టును కదిలిస్తాడు. కొత్త మట్టిలో నీరు తాగి దాన్ని బతికించేవి అవే.

ఆఫీసులో ఈ పని మాటలతో సాగుతుంది. కొత్త ఆలోచన ఉన్న ఉద్యోగి దాన్ని నేరుగా మీటింగులో పెట్టడు. సంబంధం ఉన్న అధికారులను విడివిడిగా కలుస్తాడు, అభ్యంతరాలు వింటాడు, కాగితం దిద్దుకుంటాడు. తర్వాతే ఆమోదం కోరే ‘రింగి’ పత్రం బల్ల నుంచి బల్లకు వెళ్లి ముద్రలు వేయించుకుంటుంది. మీటింగు నాటికి వాదించుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

దీన్ని జాప్యం అనేవాళ్లున్నారు. నాకు ఇందులో మర్యాదే కనిపిస్తుంది: నలుగురిలో ఎవరి పరువూ పోదు. కాకపోతే ఆ తిరుగుడు భారమంతా చిన్న ఉద్యోగి మీదే పడుతుంది, తరచూ పనివేళలు దాటాక కూడా.

టొయోటా పద్ధతుల మీద 2004లో జెఫ్రీ లైకర్ రాసిన పుస్తకంలోనూ నెమవాషికి చోటు దక్కింది, నిర్ణయం నిదానంగా, అమలు వేగంగా అనే సూత్రం కింద.