కొత్త చెప్పులు

సికింద్రాబాద్ స్టేషన్. దానాపూర్ నుంచి వచ్చిన రైలు ఇప్పుడే ఆగింది. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 డెస్క్ దగ్గర నిలబడి ఉన్నావు. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) రెండో ఏడాది, ఈ రోజు ఫీల్డ్ వర్క్. మూటలు, బకెట్లు, మోచేతులు నిన్ను రాసుకుంటూ పోతున్నాయి.

అదిగో, నలుగురు పిల్లలు. నలుగురి కాళ్లకూ ఒకే రకం కొత్త చెప్పులు. ముందు ఓ మనిషి గబగబా నడుస్తున్నాడు. ఒక్క పిల్లవాడూ అతని చెయ్యి పట్టుకోలేదు.

పరుగెత్తి అడ్డం పడాలా? పిల్లలు బెదిరి జనంలో చెదిరిపోతే? డెస్క్ అక్క వైపు చూస్తావు. ఆమె అప్పటికే రైల్వే పోలీసులకు సైగ చేసింది. "నువ్వు పిల్లల దగ్గరికెళ్లు," అంటుంది.

మేనల్లుళ్లంటాడు ఆ మనిషి. ఆధార్ కార్డులు చూపిస్తాడు. నలుగురికీ 15 ఏళ్లే. కానీ నీ ఎదుటివాడికి ఊడిన పాలపన్ను సందు ఇంకా పూడలేదు. 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టడం నేరం. ఆ 15 ఎందుకో అర్థమవుతుంది.

వాడి ముందు గొంతుక్కూర్చుంటావు. "మామయ్య పేరేంటి?" హిందీలో అడుగుతావు.

పలకడు.

మనిషి ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఇంకో అడుగు. పరుగు. అరుపులు. బూట్ల చప్పుడు. పిల్లవాడు వణుకుతాడు. నువ్వు లేవవు. అతను పోలీసుల పని. వీడు నీ పని.

మెట్ల దగ్గర అతను దొరికిపోతాడు.

ఎక్కడికి తీసుకెళ్తున్నాడని అడిగితే వాడు ఒక్క మాటే చెబుతాడు: గాజులు. పాతబస్తీలో లక్కగాజులకు రాళ్లు అతికించే ఇరుకు గదులు కళ్లముందు మెదులుతాయి. 2015 జనవరిలో అక్కడ పోలీసులు 200 మందికి పైగా పిల్లల్ని విడిపించారు.

"ఇంటికి పంపిస్తారా?"

పంపిస్తామనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. ఆపుకుంటావు. 24 గంటల్లో వీణ్ని బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలి. నిర్ణయం వాళ్లది. ఆ ఇంట్లో అప్పెంత, పంపిందెవరు, తిరిగి వెళ్తే మళ్లీ ఇదే రైలెక్కిస్తారా? విచారించి నివేదిక రాయడానికి 15 రోజులు.

అక్క వైపు చూస్తావు. ఆమె తల ఊపుతుంది.

"ముందు అన్నం తిందాం. రేపు పెద్దవాళ్లు నిన్ను అన్నీ అడుగుతారు. నేనూ పక్కనే ఉంటాను."

వాడు మెల్లగా చెప్పులు విప్పుతాడు. మడమల మీద చెప్పులు కరిచిన చోట రక్తం. నోట్‌బుక్ పక్కన పెట్టి, దూది తేవడానికి లేస్తావు.