బందరు కోట పతనంలో ఫోర్డ్ వాటా

1759 ఏప్రిల్ 7 రాత్రి బందరు కోటను కర్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్ పట్టుకున్నాడని చరిత్ర పుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. అది అబద్ధం కాదు గాని, నిజంలో సగమే.

ఈ ముట్టడి గురించి అందరూ ఆధారపడేది రాబర్ట్ ఓర్మ్ 1778లో ప్రచురించిన సంపుటి మీద. ఆయన ఈస్టిండియా కంపెనీ మనిషి, పైగా ఆ రాత్రి బందరులో లేడు. కాబట్టి అందులోని అంకెల్ని గెలిచినవాళ్ళ లెక్కలుగానే చదువుకోవాలి.

ఉత్తర సర్కారుల్ని ఏలుతున్న ఫ్రెంచి సేనాని బుస్సీని 1758లో ఫ్రెంచి గవర్నర్ జనరల్ లాలీ వెనక్కి పిలిపించాడు. విజయనగరం ఆనందరాజు అదను చూసి ఆంగ్లేయుల్ని రమ్మన్నాడు. క్లైవు బెంగాలు నుంచి ఫోర్డ్‌ను పంపాడు. డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయాడు. వెంటనే తరిమి ఉంటే కథ అక్కడే ముగిసేదేమో. కాని ఖర్చుల దగ్గర ఫోర్డ్‌కీ రాజుకీ తగువు వచ్చింది. ఆ వ్యవధిలో ఫ్రెంచివారు బందరు చేరి సర్దుకున్నారు.

మార్చి 25న ఫోర్డ్ ఫిరంగులు మోగాయి. ఏప్రిల్ 7 నాటికి మిగిలిన మందుగుండు రెండు రోజులకే సరిపోతుంది. ఫ్రెంచివారి పక్షాన దక్కను సుబేదారు సలాబత్ జంగ్ సేన దగ్గరపడుతోంది. జీతాలు, కొల్లసొమ్ములో వాటా కోసం తెల్ల సైనికులు అంతకుముందే మొరాయించారు. ఈ స్థితిలో ఫోర్డ్ తెగువను ఎంత మెచ్చుకున్నా, వెనుదిరగడం అంతకన్నా ప్రమాదమని మరచిపోకూడదు.

అతని అసలు ప్రతిభ వేళను ఎంచుకోవడంలో కనిపిస్తుంది. కోట చుట్టూ రొంపి. మంగినపూడి నుంచి బందరుకోట దాకా ఆ నల్లమట్టిలో కాలు దిగబడితే ఏమవుతుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ రాత్రి ఆటుకు కందకంలో నీళ్ళు బాగా తగ్గేది అర్ధరాత్రి వేళ. దాడికి పెట్టిన ముహూర్తం అదే. ఆంగ్లేయ కెప్టెన్ నాక్స్ దళం నైరుతిన రొంపిలో దిగి హడావుడి చేసింది, ఆనందరాజు మనుషులు పేట వైపు కట్ట మీద గోల చేశారు, అసలు దెబ్బ ఈశాన్య బురుజు మీద పడింది. అన్ని మూలల నుంచీ కబుర్లు రావడంతో కాన్‌ఫ్లాన్స్‌కు ఏది నిజమో పాలుపోలేదు. లోపలివాళ్ళు లొంగిపోయాక చూస్తే, దాడి చేసినవారికన్నా బందీలే ఎక్కువ!

ఓర్మ్ లెక్కలో తెల్లవారు 22 మంది చనిపోయి, 62 మంది గాయపడ్డారు. సిపాయీల్లో చనిపోయినవారు 50, గాయపడినవారు 150. విజయానికి సగానికి మించిన మూల్యం చెల్లించినవాళ్ళు వృత్తాంతంలో అంకెలుగానే మిగిలారు.

వారం తిరిగేసరికి ఫ్రెంచి ఓడలు సాయంతో వచ్చాయి, కోట పోయిందని తెలిసి వెళ్ళిపోయాయి. మే 14న సలాబత్ జంగ్ బందరు, నిజాంపట్నం, కొండవీడు ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చాడు. ఇదీ ఫోర్డ్ ఖాతాలోకే వేస్తుంటారు. అయితే పెద్ద సేన వెంట ఉన్నవాడు అంత తొందరగా దిగిరావడానికి కోట పతనమొక్కటే కారణమనలేం. అప్పటికే అతని తమ్ముడు నిజాం అలీ హైదరాబాదు వైపు కదులుతున్నాడు. సలాబత్ జంగ్‌కు గద్దె భయం పట్టుకుంది.