బంగాళాఖాతం ఒడ్డున పుట్టిన యుద్ధ కథలు

ఇరవయ్యో శతాబ్దంలో మన తూర్పు తీరానికి యుద్ధం మూడుసార్లు బాగా దగ్గరికొచ్చింది. 1914లో జర్మన్ క్రూయిజర్ ఎమ్డెన్ మద్రాసు మీద గుళ్లు కురిపించింది. 1942లో జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు ముందే మునిగిపోయింది. మూడింటి చుట్టూ కథలు పెరిగాయి. వాటిలో ప్రతి ఓడకూ ఉన్నదానికి మించిన బలం ఉంటుంది, ప్రతి విమానం వెనకా ఒక మహాపన్నాగం ఉంటుంది. రికార్డుల్లో కనబడేది వేరు: పరిమితమైన ఉద్దేశాలు, అరకొర సమాచారం, కొంత అదృష్టం, కొంత ప్రమాదం. ఆ తేడా ఎలా వచ్చిందో చూస్తే మన సమీప చరిత్రే ఇంకొంచెం తేటపడుతుంది.

ఎమ్డెన్ చిన్న ఓడ. 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు పది ఉన్న తేలికపాటి క్రూయిజర్. చైనా తీరంలో జర్మనీ చేతిలో ఉన్న చింగ్‌టావ్ రేవు దాని స్థావరం. యుద్ధం మొదలయ్యాక కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ ఒంటరిగా హిందూ మహాసముద్రంలోకి వచ్చాడు. ఎమ్డెన్‌కు పొగగొట్టాలు మూడే. నాలుగోది గుడ్డతో, కర్రలతో కట్టించి దూరం నుంచి బ్రిటిష్ క్రూయిజర్‌లా కనబడేలా చేశాడు. 1914 సెప్టెంబర్ 22 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో మద్రాసు రేవుకు సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో ఆగి సర్చిలైట్లు వేసి కాల్పులు మొదలుపెట్టాడు. నగరంలో దీపాలు ఆర్పలేదు. హైకోర్టు గుమ్మటం మీది లైట్‌హౌస్ కూడా వెలుగుతూనే ఉంది. అరగంటలో నూట పాతిక వరకు గుళ్లు పేల్చి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు రెండు అంటించి వెళ్లిపోయాడు. ఒడ్డునున్న ఫిరంగులు తిరిగి కొన్ని గుళ్లు కాల్చాయి, ఒక్కటీ తగల్లేదు. కనీసం అయిదుగురు చనిపోయారు.

నగరాన్ని నేలమట్టం చెయ్యడానికే ఎమ్డెన్ వచ్చిందన్నది మొదటి అపోహ. ముల్లర్ గురి పెట్టింది చమురు ట్యాంకులకు. బ్రిటిష్ వాణిజ్యాన్ని దెబ్బతియ్యాలి, బ్రిటిష్ ప్రతిష్ఠను భారతీయుల కళ్లముందు తగ్గించాలి, అంతే అతని ఉద్దేశం. హైకోర్టు ఆవరణలో పడ్డ గుండు గురి తప్పి పడ్డదే. తాను పట్టుకున్న వాణిజ్య నౌకల సిబ్బందిని ముందు దింపి, ఆ తర్వాతే ఓడను ముంచే పద్ధతి ముల్లర్‌ది. అందుకే శత్రువులు కూడా అతన్ని మెచ్చుకున్నారు. గుళ్ల వల్ల జరిగిన నష్టం కంటే వాటి చప్పుడు వల్ల జరిగిందే ఎక్కువ. జనం వారాల తరబడి మద్రాసు వదిలి లోపలి ఊళ్లకు వెళ్లిపోయారు. ఓడల బీమా రేట్లు పెరిగాయి. బంగాళాఖాతంలో రాకపోకలు స్తంభించాయి.

రెండో అపోహ ఇంకా గట్టిగా పాతుకుపోయింది. తిరువనంతపురంలో పుట్టిన విప్లవకారుడు చెంపకరామన్ పిళ్లై ఎమ్డెన్ మీద ఉండి, ఎక్కడ కాల్చాలో దారి చూపించాడని దక్షిణాదిలో చాలామంది నమ్ముతారు. పిళ్లై నిజమైన వీరుడే. అయితే 1914లో ఆయన జ్యూరిక్‌లో భారతదేశానికి మద్దతు కూడగట్టే కమిటీ నడుపుతున్నాడు. ఆ ఏడాదే బెర్లిన్ చేరి అక్కడి భారతీయ విప్లవకారులతో కలిశాడు. ఎమ్డెన్ ఆగస్టులోనే చైనా తీరం వదిలి సముద్రంలో పడింది. యూరప్‌లో ఉన్న మనిషి దాని మీదికి ఎక్కే వీలు లేదు. ఎమ్డెన్ అధికారులు యుద్ధం తర్వాత రాసిన అనుభవాల్లోనూ ఆయన పేరు రాదు. ఈ కథ ఎందుకు పుట్టిందో ఊహించడం కష్టం కాదు. తెల్లవాళ్ల యుద్ధంలో మన ఊరి మీద పడ్డ నిప్పుకు మనవైపు నుంచి ఒక కారణం కావాలి. పిళ్లై ఆ కారణమయ్యాడు. ఆయన బెర్లిన్‌లో నిజంగా చేసిన పని మాత్రం ఈ కథ నీడలో పడి చాలామందికి తెలియకుండా పోయింది. నాకు బాధ కలిగించేది అదే.

మద్రాసు దాడి తర్వాత ఎమ్డెన్ ఆయుష్షు ఎన్నాళ్లో సాగలేదు. అక్టోబర్ 28న పెనాంగ్ రేవులోకి చొరబడి రష్యన్ క్రూయిజర్ జెమ్‌చుగ్‌ను ముంచింది. నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీకి దొరికిపోయి, దెబ్బలు తిని, దిబ్బ ఎక్కింది.

1942 నాటికి భయం వేరే దిక్కు నుంచి వచ్చింది. ఫిబ్రవరిలో సింగపూర్, మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయాయి. తరవాత వంతు ఇండియాదేనని అందరూ అనుకున్నారు. ఏప్రిల్ 5న అడ్మిరల్ నగుమో పంపిన విమానాలు కొలంబో మీద పడ్డాయి. పెర్ల్ హార్బర్ మీద దాడి చేసిన విమాన వాహక నౌకల్లో అయిదు ఈసారి హిందూ మహాసముద్రంలోకి వచ్చాయి.

ముందురోజు సాయంత్రం కెనడా వైమానిక దళ అధికారి లియొనార్డ్ బిర్చల్ తన కాటలీనా విమానం నుంచి ఆ నౌకాదళాన్ని చూసి వైర్‌లెస్‌లో తెలిపాడు. వెంటనే అతని విమానం కూలింది, అతను బందీ అయ్యాడు. అతనికి సింహళ రక్షకుడని పేరొచ్చింది. అతని ధైర్యం గురించి రెండో మాట లేదు. కాని దాడి గురించి తెలిసింది అతని వల్లే అనడం తప్పు. జపాన్ సంకేత సందేశాలు విని బ్రిటిష్ వాళ్లు మార్చి చివర్లోనే దాడి రాబోతోందని పసిగట్టారు, ఏప్రిల్ 1 ప్రాంతంలో వస్తుందని లెక్క వేశారు. అది ఆలస్యమవడంతో బ్రిటిష్ అడ్మిరల్ సోమర్‌విల్ తన నౌకల్ని నీళ్లూ ఇంధనమూ నింపుకోవడానికి మాల్దీవుల్లోని అడ్డు అటాల్‌కు తీసుకెళ్లాడు. సరిగ్గా అప్పుడే బిర్చల్ సందేశం వచ్చింది. అంత ముందు హెచ్చరిక ఉన్నా, 5వ తేదీ ఉదయం కొలంబో దగ్గరి రత్మలానాలో యుద్ధ విమానాలు నేల మీదే ఉండగా దాడి మీద పడింది.

మర్నాడు, ఏప్రిల్ 6న, విశాఖపట్నం, కాకినాడల వంతు. ఆ విమానాలు నగుమో దండు నుంచి వచ్చాయనుకుంటారు. కావు. బంగాళాఖాతంలో వేరుగా తిరుగుతున్న అడ్మిరల్ ఒజావా దళంలోని ర్యూజో అనే చిన్న వాహక నౌక నుంచి వచ్చాయి. మేఘాల్లా కమ్ముకు రాలేదు, వచ్చినవి చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. సినిమాల పుణ్యమా అని జపాన్ విమానమంటే అందరికీ జీరో యుద్ధ విమానమే గుర్తొస్తుంది. కాని విశాఖ మీద బాంబులు వేసినవి ముగ్గురు కూర్చునే నకాజిమా టైప్ 97 దాడి విమానాలు. విశాఖ రేవు 1933లోనే తెరుచుకుంది. 1941 జూన్‌లో బాబూ రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకా నిర్మాణ కేంద్రం ఇంకా లేస్తూ ఉంది. గురి ఈ రెండింటి మీద. కాకినాడలో లంగరు వేసి ఉన్న ఓడల మీద. చనిపోయినవారు కొద్దిమంది. పేలకుండా మిగిలిన ఒక బాంబు ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉంది. అదే రోజుల్లో ఒజావా దళం కోస్తా వెంట దాదాపు ఇరవై వాణిజ్య నౌకల్ని ముంచింది. ఆ దెబ్బే అసలైన దెబ్బ, అది ఒడ్డు నుంచి కనబడదు.

ఈ దాడుల వెంట వచ్చిన భయం మాత్రం మద్రాసు దాకా పాకింది. జపాన్ సేనలు దిగబోతున్నాయన్న తప్పుడు సమాచారాన్ని ప్రభుత్వమే నమ్మింది. పనిలేని జనాన్ని నగరం విడిచి వెళ్లమంది, ఆఫీసుల్ని లోపలి ఊళ్లకు తరలించింది. బాంబులు పడితే బోనులు తెగి బయటికొస్తాయని జూలో క్రూరమృగాల్ని కాల్చి చంపించారు. పుకారు నమ్మవద్దని జనానికి చెప్పాల్సిన ప్రభుత్వమే ఇలా పరుగెత్తాక ఎవరు ఆగుతారు? ఆ రోజుల్లో జపాన్ మన తీరంలో దిగబోయి ఏదో కారణంతో ఆగిపోయిందన్న నమ్మకానికి మూలం ఇది.

జపాన్ దిగాలనుకోలేదు. సింహళాన్ని ఆక్రమిద్దామన్న ఆలోచన నౌకాదళంలో ఉండేది. అందుకు కావలసిన డివిజన్లను ఇవ్వడానికి సైన్యం ఒప్పుకోలేదు. బర్మాలో పోరాడుతున్న తమ సేనలకు సముద్రం వైపు నుంచి ఇబ్బంది రాకుండా బ్రిటిష్ నౌకాదళాన్ని తరిమెయ్యడం, రవాణాను తెంచడం, ఇంతవరకే ఏప్రిల్ దాడుల లక్ష్యం. ఏప్రిల్ 9న ట్రింకోమలీ మీద దాడి చేసి, హెర్మీస్ అనే బ్రిటిష్ వాహక నౌకను ముంచి నగుమో వెనక్కి మళ్లాడు. వచ్చిన అయిదు వాహకాల్లో మూడు (అకగి, సోర్యు, హిర్యు) రెండు నెలలకు మిడ్‌వే దగ్గర మునిగిపోయాయి. విశాఖ మీదికి విమానాలు పంపిన ర్యూజో ఆగస్టు 24న సాలమన్ దీవుల దగ్గర మునిగింది. అవి మళ్లీ ఇటు రాలేదు, వచ్చే ఉద్దేశమూ వాటికి లేదు.

ఇక ఘాజీ. మిగతా రెంటికంటే దీనిమీద నాకు ఎక్కువ పట్టింపు. ఎందుకంటే ఇక్కడ నిజం చెప్పగలిగిన వాళ్లు చాలామంది మన మధ్యే ఉండేవాళ్లు.

ఘాజీ అంతకుముందు అమెరికా జలాంతర్గామి డయాబ్లో. 1960లలో పాకిస్తాన్‌కు వచ్చింది. 1971 నవంబర్ 14న కరాచీ నుంచి బయలుదేరింది. మన విమాన వాహక నౌక విక్రాంత్‌ను వేటాడటమే దాని పని. విక్రాంత్ అప్పుడు పూర్తి ఆరోగ్యంతో లేదు. ఒక బాయిలర్ పగుళ్లిచ్చి వేగం తగ్గింది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ దాన్ని అండమాన్లలో దాచి, విక్రాంత్ విశాఖలోనే ఉందనిపించే ఏర్పాటు చేశాడు. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ చేత భారీగా వైర్‌లెస్ సందేశాలు పంపించాడు. పెద్ద ఓడకు సరిపడా సరుకులు విశాఖలో ఆర్డర్ పెట్టించాడు. ఘాజీ విశాఖ ముందుకొచ్చింది.

డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ ఒడ్డున పెద్ద పేలుడు వినబడింది. కిటికీ అద్దాలు అదిరాయి. తెల్లవారాక జాలర్లు సముద్రం మీద నూనె, తేలుతున్న వస్తువులు చూశారు. రాజ్‌పుత్ ఆ రాత్రే రేవు వదిలి వెళ్తూ, నీళ్లలో అలజడి కనబడిందని రెండు డెప్త్ చార్జీలు వేసింది. కొద్దిసేపటికి పేలుడు. ఘాజీలో ఉన్న తొంభైమందికి పైగా మనుషుల్లో ఒక్కరూ మిగల్లేదు.

రాజ్‌పుత్ ముంచింది అన్నది మన వైపు అధికారిక కథ. తాను వేసిన మైన్లలో ఒకటి తగిలి పేలింది అన్నది పాకిస్తాన్ చెప్పేది. మూడోది, లోపలే ఏదో పేలుడు, బ్యాటరీలు ఛార్జి చేసేటప్పుడు పేరుకునే హైడ్రోజన్ వల్లో మరో కారణం వల్లో. మన నౌకాదళ చరిత్ర రాసిన వైస్ అడ్మిరల్ హీరానందానీ ఈ అవకాశాలన్నీ పరిశీలించాడు, రాజ్‌పుత్ ఒక్కదానికే ఘనత కట్టబెట్టి ముగించలేదు. ఓడ ముందుభాగం, టార్పెడోలూ మైన్లూ ఉండే చోటు, చీలిపోయిందన్న సంగతి మాత్రం అందరూ ఒప్పుకుంటారు. నాకు కనబడేంతవరకు రెండు డెప్త్ చార్జీలే దాన్ని ముంచాయనడానికి ఆధారం చాలదు. అలాగని రాజ్‌పుత్ ప్రమేయమే లేదని తేల్చేయడానికీ చాలదు. రెండు దేశాలకూ తమ పరువు ముఖ్యమయ్యాక, పేలుడుకు కారణమేమిటో ఇరువైపులా ఒకే గొంతుతో చెప్పకపోవడం సహజం.

2017లో సంకల్ప్ రెడ్డి తీసిన ఘాజీ సినిమా ఇంకో దారి పట్టింది. అందులో భారత జలాంతర్గామి ఒకటి ఘాజీతో నీటికింద పోరాడి ముంచేస్తుంది. సినిమాగా చక్కగా తీశారు. 1971లో అలాంటి పోరాటం జరగలేదు. ఆ సినిమా చూసి విశాఖ ఆర్కే బీచిలో మ్యూజియంగా నిలబెట్టిన కురుసురా లోపలికి వెళ్లేవాళ్లకు ఇదే ఆ ఓడ అనిపించడంలో వింతలేదు. కురుసురా ఆ యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 

పేలుడు ఎవరిదన్న వాదనలో పడి అసలైన విజయం మరుగున పడింది. ఘాజీ విశాఖ ముందు వెతుకుతూ తిరిగిన రోజుల్లో విక్రాంత్ వందల కిలోమీటర్ల దూరంలో భద్రంగా ఉంది. డిసెంబర్ 4న దాని మీంచి లేచిన సీ హాక్ విమానాలు కాక్స్ బజార్ మీద బాంబులు వేశాయి. తర్వాత చిట్టగాంగ్ మీద. కుంటుతున్న బాయిలర్‌తోనే ఆ ఓడ యుద్ధం ముగిసేదాకా తూర్పు పాకిస్తాన్ రేవుల్ని మూసి ఉంచగలిగింది. దానికి వీలు కల్పించింది కృష్ణన్ పన్నిన మోసం, వైర్‌లెస్ గదుల్లో కూర్చుని దొంగ సందేశాలు పంపిన సిబ్బంది, విశాఖ బజారులో లేని ఓడకు సరుకులు కొన్నవాళ్లు. దీని మీద ఎవరికీ భేదాభిప్రాయం లేదు.